హాడో అత్త ప్రకటనలు

పోయిన వారం పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో, ప్రయాణికుల హాల్లో కూర్చుని ఉండగా స్పీకర్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది. వాతావరణం బాగాలేదు కాబట్టి ఓడ ఈరోజు బయలుదేరదని చెప్పింది. రికార్డు చేసిన గొంతు. చాలా శుభ్రంగా, చాలా మర్యాదగా ఉంది. హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పి టక్కున ఆగిపోయింది. హాల్లో ఉన్నవాళ్ళంతా గాలినీ, వాననీ, తమ జాతకాలనీ వరసగా తిట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది కానీ అది ఓడ మీద కాదు. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. తినని మనిషికి ఈ మాట ఎలా చెప్తారు?

ఇలాంటి కోపం మామూలు మనుషులకు రాదు. హాడో అత్తతో నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళకే వస్తుంది.

ఆవిడకో పేరుంది. అది ఇక్కడ రాస్తే ఆవిడకి నచ్చదు. ప్రకటన చేసేవాళ్ళు తమ పేరు చెప్పుకోకూడదని ఆవిడ నియమం. రిటైరయ్యేదాకా అదే హాల్లో మైకు ముందు కూర్చుని ఏ ఓడ వచ్చిందో, ఏ ఓడ ఆగిపోయిందో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. హిందీలో చెప్పేది, ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా తెలుగులో చెప్పేది. దీవుల్లో ఓడ ఎక్కిన ప్రతి తెలుగువాడికీ ఆ గొంతు తెలుసు, మొహం తెలియదు. ఆవిడ బజారులో కూరగాయలు బేరమాడుతూ ఉంటే పక్కవాళ్ళు ఉలిక్కిపడి సంచులు సర్దుకున్న సందర్భాలున్నాయి.

ఓడ రద్దయిందని కాగితం చేతికి రాగానే ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళేది కాదట. ముందు బయటికి వెళ్ళి టీ బండిని హాల్లోకి పిలిచేది. మూటలమీద కూర్చున్న ముసలమ్మల దగ్గరికి వెళ్ళి తిన్నారా అని అడిగేది. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉందని నమ్మకం కుదిరాకే మైకు ఆన్ చేసేది. ఇదేం పద్ధతని పైవాళ్ళు అడిగితే ఆవిడ చెప్పిన జవాబు నాకు కనీసం ఇరవైసార్లు వినిపించింది.

"ఓడ ఎలాగూ ఎల్లదు. ఎల్లని ఓడకి తొందరేటి బాబూ?"

కొన్నాళ్ళకి ప్రయాణికులకు కూడా విషయం అర్థమైపోయింది. టీ బండి గుమ్మం దాటి లోపలికి రాగానే జనం తలలు పట్టుకునేవారట.

మా బడి అదే ఊళ్ళో, ఆస్టినాబాద్‌లో ఉంది. రేకుల కప్పు ఇల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, వెనక రొట్టెలు కాల్చుకునే మట్టిపొయ్యి. అప్పట్లో పదకొండు మంది పిల్లలు, నేను, బడి పెట్టిన మీరా దీదీ. దీదీ బెంగాలీ, ఇక్కడే పుట్టింది, హైదరాబాద్ వెళ్ళి స్టైనర్ పద్ధతి నేర్చుకుని వచ్చింది. ఆ పద్ధతిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పరు. ప్లాస్టిక్ బొమ్మలుండవు, టీవీ ఊసుండదు. పిల్లలు రొట్టెపిండి పిసుకుతారు, తడికాగితం మీద రంగులు పులుముతారు, పోర్ట్ బ్లెయిర్ ఉక్కలో చెమటలు కక్కుతూ ఉన్ని అల్లుతారు. ఒకే కథను రెండు వారాలపాటు రోజూ వింటారు. వాళ్ళని గట్టిగా పిలవకూడదు. మెల్లగా పాట పాడితే వాళ్ళే వస్తారు. ఎప్పుడొస్తారన్నది మాత్రం వాళ్ళ ఇష్టం.

హాడో అత్త ఇల్లు మా ఎదురుగానే. మొదటిసారి మా గుమ్మంలోకి ఫిర్యాదుతో వచ్చింది. గోల ఎక్కువైందని కాబోలనుకుని నేను క్షమాపణకి సిద్ధపడ్డాను.

"నాల్రోజులై సూస్తన్నాను. పిల్లలున్న ఇల్లు ఇలాగుంటాదేటి? ఎవలికైనా బాగోలేదేటమ్మా?"

ఎవరికీ జబ్బు లేదని, ఈ నిశ్శబ్దం మా పద్ధతని చెప్పాను. నమ్మలేదు. లోపలికొచ్చి పిల్లల నుదుళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత నేను కాచిన రాగిజావ ఒక చెంచా రుచి చూసింది. జబ్బు ఎక్కడుందో దొరికినట్టు మొహం పెట్టి నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఆ గరిటె మళ్ళీ నాకు రాలేదు. మర్నాటినుంచి వంట ఆవిడదే, ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు.

కథల దగ్గర ఆవిడకీ నాకూ కొంచెం చిక్కొచ్చింది. మొదటిరోజు నా కథ విని మెచ్చుకుంది. రెండోరోజు అదే కథ విని ఊరుకుంది. మూడోరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాననుకుంటూ అడిగింది.

"ఇంకో కత రాదేటి నీకు? రాకపోతే మొగమాటపడకమ్మా, నాను సెప్తాను."

పదో రోజున కథలోని అవ్వ జాలరికి మూడు కొబ్బరికాయలిచ్చిందని పొరపాటున అన్నాను. వంటింట్లోంచి నాలుగు అని వినిపించింది. పిల్లలంతా తలలూపారు.

మీరా దీదీ అసలు కష్టం ఆ గొంతు. చేతులు కడుక్కోవడానికి రమ్మని నేను రాగం తీసి పాడుతూ ఉంటే పిల్లలు ఒక్కొక్కరే, చీమని చూస్తూ ఒకరు, గోడని చూస్తూ ఒకరు, ఎప్పటికో వచ్చేవారు. ఒకరోజు జావ చల్లారిపోతోందని అత్తకి సహనం చచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, గుప్పిట నోటిదగ్గర మైకులా పెట్టుకుని, యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ అని మొదలుపెట్టి, చేతులు కడుక్కునే ఓడ రెండు నిమిషాల్లో బయలుదేరునని ప్రకటించింది. అరనిమిషంలో పదకొండు మంది కుళాయి దగ్గర వరసలో ఉన్నారు. దీదీ కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చింది. ఆ తర్వాత చాలా మర్యాదగా, కొంచెం మెల్లగా మాట్లాడమని కోరింది. అత్త అంతకంటే మర్యాదగా సరేనంది. నాలుగేళ్ళపాటు ఆవిడ కోరడం, ఈవిడ సరేననడం జరుగుతూనే ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటారని మా పద్ధతిలో మొదటి సూత్రం. ఆ సూత్రం నిజమని నెలతిరక్కుండా రుజువైంది. ఇంట్లో స్నానానికి పిలిస్తే ఓడ ఇంకా రేవుకి రాలేదని జవాబిస్తున్నారని తల్లులు వచ్చి మొరపెట్టుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి గేటు దగ్గర బడి కబుర్లు చెప్పే పని కూడా ఆవిడే పుచ్చుకుంది. దీదీ హిందీలో కాగితం రాసేది, అత్త దాన్ని తన తెలుగులో వినిపించేది. ఇక్కడి మా తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదు, చదవడం వచ్చినవాళ్ళు కాగితం తీసుకోరు, కాబట్టి అందరికీ ఇదే బాగుంది. ప్రతి కబురు చివరా టెంటేటివ్ అని చేర్చేది. ఓడల పట్టికల మీద ఆ మాట ఎప్పుడూ ఉంటుంది, దీవివాళ్ళకి దాని అర్థం పుట్టుకతో తెలుసు: గాలీవానా ఒప్పుకుంటే అని. సోమవారం బడి ఉండును, టెంటేటివ్. మంగళవారం రాగిజావ, టెంటేటివ్. ఎవరికైనా పాలపన్ను ఊడితే అది ఓడ బయలుదేరినట్టే చెప్పేది. ఫలానావారి కిందిపన్ను ఈ ఉదయం తొమ్మిదింటికి బయలుదేరింది, పన్నూ పిల్లాడూ క్షేమం. పన్ను మాటకి మాత్రం టెంటేటివ్ ఉండేది కాదు.

ఆ పళ్ళే మా కొంప ముంచబోయాయి.

జూన్‌లో ఒకటో తరగతి మొదలుపెట్టాలని దీదీ తలపెట్టింది. ఆరుగురు పిల్లలైనా ఉండాలి. లేకపోతే పెద్దపిల్లలు వేరే బళ్ళకి పోతారు, మిగిలిన ఐదుగురితో బడి నడవదు. ఒకటో తరగతి లేకపోతే బడే లేదు, నా ఉద్యోగమూ లేదు. ఆ సంగతి చెప్పడానికి తల్లిదండ్రులని పిలిచిన రోజు, బిడ్డ చదువుకు సిద్ధమైందనడానికి చాలా గుర్తులుంటాయని, పాలపళ్ళు ఊడటం వాటిలో ఒకటని దీదీ హిందీలో అరగంట వివరించింది. అత్త లేచి ఆ అరగంటని తెలుగులో ఒక్క ముక్కలో చెప్పేసింది.

"పాలపన్ను ఊడితేనే ఫస్ట్ క్లాస్."

సోమవారంనుంచి మా బడి వాతావరణం మారిపోయింది. ఒకాయన బిడ్డ సంచిలో ఎండుకొబ్బరి ముక్కలు పెట్టి పంపాడు. ఒకావిడ పచ్చి జామకాయలు పంపింది. ఇంకొకావిడ రోజూ గేటు దగ్గర బిడ్డ నోట్లో వేలుపెట్టి ఊపి చూసి, ఊపిరి వదిలి, లోపలికి పంపేది. పొద్దున్నే నా ముందు పిల్లలు నోళ్ళు తెరుచుకుని వరస కట్టేవారు. పళ్ళు పరీక్ష కాదని దీదీ బతిమాలింది. అత్తని మాట వెనక్కి తీసుకోమంటే, మైకులో ఒకసారి చెప్పినది వెనక్కి రాదని, అలా వస్తే రేపట్నించి ఎవరూ ఓడలు నమ్మరని వాదించింది. ఏప్రిల్ ఆఖరికి ఐదుగురి పళ్ళు బయలుదేరాయి.

ఆరోది రూతుది కావాలి. దానికి ఏడేళ్ళు నిండబోతున్నాయి, పళ్ళు మేకులు కొట్టినట్టున్నాయి. రూతు నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభమెక్కి తీగలు సరిచేసే మనిషి. ఆయన లెక్కలో ఏదైనా వెలగాలి, లేదా వెలక్కూడదు. మేలో ఒకరోజు గోల్ ఘర్ దగ్గరున్న పెద్దబడి దరఖాస్తు చేత్తో పట్టుకుని వచ్చాడు. అక్కడ చేరాలంటే పరీక్ష ఉందట, అక్షరాలు రాయాలట. కోపంగా మాట్లాడతాడనుకున్నాను. కోపం కాదు, భయం.

"ఇక్కడ పన్ను ఊడనేదని సీటు నేదు, అక్కడ అచ్చరం రాదని నేదు. నా బిడ్డ ఎక్కడుండాల టీచర్?"

 ఆయన అప్పటికే మనసులో ఒక బడి నిర్ణయించుకున్నాడని, అది మాది కాదని నాకు తెలిసిపోయింది.

ఆ శనివారం తల్లిదండ్రులందర్నీ పిల్లలతో సహా తొమ్మిదింటికి రమ్మన్నాం. ఒకటో తరగతి ప్రారంభించడం లేదని నాలుగు వాక్యాలు రాసి దీదీ ముందురోజే అత్తకిచ్చింది.  అత్త కాగితం చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, నడుం దగ్గర దోపుకుంది. వచ్చినవాళ్ళు రొట్టెలు తిన్నాక చెప్తానంది.

రొట్టెల పిండి ముందురోజు సాయంత్రమే కలిపి ఉంచాలి. శనివారం పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి చూస్తే గిన్నెలో పొడిపిండి ఉంది. ఏమిటిదని అడిగితే మరిచిపోయానంది. జన్మలో ఏదీ మరవని మనిషి. పొయ్యి దగ్గరికి వెళ్తే కట్టెలు రాత్రంతా వానలో ఉన్నాయి. పక్కనే వాటిని కప్పే టార్పాలిన్ పొడిపొడిగా మడతపెట్టి ఉంది.

దానికి తోడు వాన మళ్ళీ మొదలైంది. గొడుగుతో కూడా బయటికి పోలేని వాన. తల్లిదండ్రులు చాపలమీద ఇరుక్కుపోయారు. పిల్లలకి అది అలవాటైన పనే కాబట్టి పిండి కలిపారు, పిసికారు, పెద్దవాళ్ళకి తలో ముద్ద ఇచ్చి ఎలా పిసకాలో నేర్పారు. పిండి పొంగాలంటే గంట పడుతుందని రూతు తండ్రికి చెప్పింది. అంతసేపు ఏం చెయ్యాలని ఆయన అడిగితే, కథ వినాలంది. ఎవరూ అడక్కుండానే మధ్యలో కూర్చుని అవ్వ, జాలరి, నాలుగు కొబ్బరికాయల కథ మొదలుపెట్టింది. మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట పోకుండా, ఇరవై నిమిషాలు చెప్పింది. రేకులమీద వానకి తగ్గట్టు గొంతు పెంచింది. ఆ గొంతు ఎక్కడ నేర్చుకుందో అందరికీ తెలుసు. లైన్‌మన్ చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది. రూతు అప్పటిదాకా ఆయనకి అక్షరం రాని పిల్ల.

పదకొండున్నరకి రొట్టెలొచ్చాయి. సగం పొంగిన పిండి, తడికట్టెల మంట. అంత గట్టి రొట్టె మా పొయ్యిలో ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. భోజనానికి ముందు మేం చెప్పుకునే కృతజ్ఞతా పద్యం అందరం చెప్పాం, చివర అత్త ఎప్పటిలాగే ఆమెన్ కలిపింది. రూతు నాన్న మొదటి ముక్క కొరికాడు. కొరికి ఆగిపోయాడు. నోట్లో వేలు పెట్టి, ఎప్పట్నుంచో పుచ్చి కదులుతున్న తన పన్ను బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

అందరం బిగుసుకుపోయాం. అత్త లేచి నిలబడింది. గుప్పిట నోటిదగ్గరికి వెళ్ళింది.

"ముఖ్య సూచన. రూతు నాన్నగోరి పన్ను పదకొండూ నలపైకి బయలెల్లినాది. ఈయనకి ఫస్ట్ క్లాసులో సీటు పక్కా."

వాన వినిపించనంతగా నవ్వారు జనం. దీదీ నవ్వడం, అదీ గట్టిగా నవ్వడం, నేను అప్పుడే చూశాను. లైన్‌మన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. రూతు మాత్రం నవ్వలేదు. తండ్రి మోకాలి మీద చెయ్యి వేసి, బడిలో తన పక్కనే కూర్చోమని, భయం వెయ్యదని ధైర్యం చెప్పింది.

ఆయన రూతుని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, నిజంగానే పన్ను ఊడాలా అని దీదీని అడిగాడు. అలా ఎవరన్నారు, అది చాలా గుర్తుల్లో ఒకటి మాత్రమే అని దీదీ అంది. అందరూ అత్త వైపు తిరిగారు. అత్తకి సరిగ్గా అప్పుడే పొయ్యి చూడవలసిన పని పడింది. ఆయన వెళ్తూ వెళ్తూ మిగిలిన రొట్టెముక్కని దరఖాస్తు కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాడు. నేను వెనక్కి వెళ్ళేసరికి అత్త నడుం దగ్గరి కాగితం తీసి పొయ్యిలో వేస్తోంది. మరి ప్రకటన అన్నాను.

"ఏ ప్రకటన? ఓడ ఎల్తంది కదా."

రూతు పన్ను ఆగస్టులో ఊడింది. ఇడ్లీ తింటూ ఉంటే.

ఆ తర్వాత అత్త ప్లేటు పట్టుకుని వస్తుంటే మేం పారిపోవడం అలవాటు చేసుకున్నాం. ఒకసారి ఊరికే పకోడీలు తెచ్చిస్తే దీదీ తినకుండా, ముందు విషయం చెప్పమని పట్టుబట్టింది. ఏ విషయమూ లేదని నమ్మించడానికి అత్త ప్రమాణం చెయ్యాల్సొచ్చింది.

అందుకే చివరిసారి ఆవిడ తెలివిగా బుధవారం ఎంచుకుంది. బుధవారం మా రొట్టెల రోజు, ఎవరికీ అనుమానం రాదు. నాకు రెండు ముక్కలు పెట్టింది. మూడోది వద్దంటే జామపండు జామ్ పూసి పెట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చాక వంటింటి మెట్టుమీద తన పక్కన చోటు చూపించింది.

"కడుపులో గడ్డంట. వైజాగు పెద్దాసుపత్రికి రమ్మన్నారు. సోమారం ఓడకి ఎల్తన్నాను."

మళ్ళీ ఎప్పుడొస్తావు అత్తా అన్నాను. అలవాటుగా గుప్పిట నోటిదగ్గర పెట్టుకుంది. అయితే ఆ ఒక్క మాటా, నాలుగేళ్ళుగా దీదీ ఏ గొంతు కోరుకుందో ఆ గొంతుతో చెప్పింది. పక్కనున్న నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

"టెంటేటివ్."

నేను ఏడ్చాను. ఆవిడ నా కొంగుతోనే నా కళ్ళు తుడిచింది.

హాడోలో ఓడ ఎక్కించడానికి వెళ్ళాం. హాల్లో మనిషికి బదులు రికార్డు గొంతు అప్పటికే వచ్చేసింది. అత్త తల వంచి శ్రద్ధగా విని, గొంతు బాగుంది కానీ టీ ఎవరిస్తారని అడిగింది.

నెల దాటాక ఒక గురువారం ఉదయం ఆవిడ మేనల్లుడు వైజాగునుంచి ఫోన్ చేశాడు. అక్కడే సమాధి చేస్తారట. దీదీ ఫోన్ పెట్టేసి, పిల్లలకి నువ్వే చెప్పాలి అంది. నేను వంటింట్లోకి వెళ్ళి గరిటె తీసుకున్నాను. ఆవిడ కొలతల ప్రకారం రాగిజావ కాచి, గిన్నెల్లో పోసి, అందరి ముందూ పెట్టాను. పద్యం చెప్పుకున్నాం. ఆమెన్ అనే గొంతు లేదు.

రూతు అప్పటికి రెండో తరగతి. గిన్నెలోకి చూసి చెంచా కింద పెట్టేసింది.

"ఇయ్యాల గురువారం కదా టీచర్. జావ మంగళారం."

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందరూ చెంచాలు కింద పెట్టారు. మా పిల్లలకి అక్షరాలు ఆలస్యంగా వస్తాయి గాని ఇలాంటివి త్వరగా అర్థమవుతాయి. ముందు తినండి అన్నాను.  నా ముందు గిన్నె ఉందేమోనని రూతు చూసింది.

"మీరు తిన్నారా టీచర్?"

తినలేదు. ఫోనొచ్చినప్పట్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. రూతు తన గిన్నె రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా తెచ్చి నా ముందు పెట్టింది.

నేను తిన్నాను. నేను తినడం చూసి వాళ్ళూ తిన్నారు. గిన్నెలు కడిగి, బోర్లించి, వచ్చి కూర్చున్నారు. అప్పుడు చెప్పాను.